టక్కుమన్న ప్రతిసారీ

మెట్రో మెట్ల కింద నా తాళాల కొట్టు.
నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లు.
తిబిలిసీలో వాన పడిందంటే
ఊళ్లో గొడుగులన్నీ నా గుమ్మంలోనే దులుపుతారు.
అలాంటి తడి రోజున వచ్చి ఆగింది
చెవికి పసుపు బిళ్ల ఉన్న వీధికుక్క.
లోపలికి రాలేదు. వెళ్లిపోనూ లేదు.

అక్రోటు రంగు. నిగోజీ అని పిలిచాను,
మా భాషలో అక్రోటుకి అదే మాట.

పక్కన పూలమ్మే త్సియాలా అంది:
"కుక్క కాటుకి చెప్పుదెబ్బే మందు, షాల్వా."
ఇది ఇంకా కరవలేదుగా,
దెబ్బ ముందే అప్పివ్వడం దేనికన్నాను.
అన్నానే గానీ,
రెండో రోజునే దాని మీదికి చెయ్యెత్తాను.
చెయ్యి దిగకముందే నేలకి అతుక్కుపోయింది.
దాని కింద తడి.
నాకంటే ముందు ఎవరో
ఈ చేతిని వాడేసుకున్నారు.

డాక్టర్ లామారా నన్ను తిట్టలేదు.
మంచి పని చేసిన క్షణానే ఒక చప్పుడు చెయ్యి,
వెంటనే ఒక ముక్క పెట్టు, శనగ గింజంత చాలు, అంది.
చప్పుడు చేశావా, బాకీ పడ్డట్టే.
ముక్కలన్నీ లెక్కేసి రాత్రి గిన్నెలోంచి తగ్గించు,
లేకపోతే చలికాలానికి పీపా అవుతుంది.

చప్పుళ్లకి నా దగ్గర కరువా?
అరచేతిలో పట్టే ఇత్తడి తాళం, నొక్కితే టక్.
కూర్చుంది. టక్. సులుగునీ చీజ్ ముక్క.
నా మొహంలోకి చూసింది. టక్. ముక్క.
నా చెయ్యి అంగుళం పైకి లేచింది, మెల్లగా.
అది కదల్లేదు.
టక్.
ఆ ముక్క శనగ గింజంత కాదు.
లామారాకి చెప్పలేదు.

నా తెలివి నాలుగో రోజున బయటపడింది.
తాళాల కొట్టులో టక్కుమననిది ఏముంది?
ఎవరే తాళం వేసినా, తీసినా
నిగోజీ లేచి వాళ్ల ముందు బుద్ధిగా కూర్చునేది.
పెట్టె బాగుచేయించుకున్న పెద్దమనిషొకాయన
నమ్మకం కుదరక
పదకొండుసార్లు టక్కుమనిపించాడు.
లెక్కపెట్టి పదకొండూ ఇచ్చాను.
మనుషుల దగ్గర మాట తప్పినవాణ్ణే,
ఈ వయసులో దీని దగ్గర కూడానా?
"ఇంట్లో పెళ్లా?" అని అడిగింది చీజ్ అమ్మే ఎతేరి.

ఆఖరికి చప్పుడు నోటికి మార్చాను.
అంగిలి మీద నాలుక.
పళ్లు సగం లేవు, అయినా పలికింది.

సెప్టెంబరు.
మా వాకిట్లో పందిరి నిండా ద్రాక్ష.
మనకి తీపి, కుక్కకి విషం,
కిడ్నీలు పోతాయంది లామారా.
గొడ్డలి తెచ్చాను కూడా.
మా నాన్న పాతిన తీగ. కొట్టలేక
"వదులు" అన్న మాట నేర్పడం మొదలుపెట్టాను.
మూసిన గుప్పిట్లో ముక్క.
నాకినా, గీరినా గుప్పిట తెరుచుకోదు.
మూతి వెనక్కి తీసిందా, నాలుక పలుకుతుంది,
రెండో చేతిలోంచి ఇంకా మంచి ముక్క.
నాకు చిరాకుగా ఉన్న రోజున పాఠం లేదు.
అలాంటి రోజులూ చాలానే ఉన్నాయి.

నిన్న నిచ్చెన మీదున్నాను,
చేతిలో కత్తెర, పళ్ల మధ్య పురికొస.
గేటు గడియ ఎవరు తీశారో,
నిగోజీ పందిరి కిందికొచ్చింది.
ఒక పండు రాలి, దొర్లి
దాని ముందుకాళ్ల మధ్య ఆగింది.
నోట్లో తాడు. మాట లేదు.
అది వాసన చూసింది.
ఇంకాసేపు చూసింది.
తలెత్తి నన్ను చూసింది.

తాడు ఉమ్మేశాను. నోరెండిపోయి నాలుక పలకలేదు.
ఎలా దిగానో మోకాళ్లకే తెలియాలి.
ముందు పండు తీసి గోడవతల పారేశాను.
జేబులు తడిమాను. రెండూ ఖాళీ.
చప్పుడైతే కాలేదు,
కానీ బాకీ బాకీయే.
వంటింట్లోకి పరుగెత్తి, అల్మారా వెతికి
సులుగునీ ముద్ద ముద్దంతా పట్టుకొచ్చేసరికి

అక్కడే ఉంది,
ఖాళీ నేలకి కాపలా కాస్తూ.